వేసవి డ్యూటీ

మే 3, శనివారం

పిల్లలు దిగారు. ఆయన మెట్ల దాకా వెళ్ళి బ్యాగులు అందుకున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కోడలు మనసు మార్చుకుంటుందేమోనని భయం.

కోడలు అనకూడదట, మాజీ కోడలు అనాలట. నిన్న ఫోన్‌లో మా ఆడపడుచు దిద్దింది. నా కొడుకు ఇంకో ఆవిడతో వేరే కాపురం పెట్టాడు. కోర్టు విడాకులిచ్చింది. పిల్లల్ని తల్లికిచ్చింది, తండ్రికి ఆదివారాలిచ్చింది. వాటిలో ఒక్క ఆదివారమైనా వాడు వాడుకోలేదు. కోర్టు విడదీసింది వాళ్ళిద్దరినీ. నన్నూ కోడల్నీ విడదీస్తూ ఏ జడ్జీ సంతకం పెట్టలేదు.

ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఏ పూట డ్యూటీ పడుతుందో ముందు తెలియదు. బడికి సెలవులిస్తే పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలి? మొహమాటపడుతూ అడిగింది. నేను ఏ మొహమాటమూ లేకుండా సరేనన్నాను. ఒకటే షరతు పెట్టింది. వాళ్ళ నాన్న వస్తే చూడనివ్వండి అత్తయ్యా, నాకు చెప్పకుండా మాత్రం గడప దాటించకండి, అంది. నేను మాటిచ్చాను. ఆయన కూడా తలూపారు.

పెద్దది మూడో తరగతి అయింది. ప్రతి మాటకీ ఎదురు ప్రశ్న వేస్తుంది కాబట్టి లాయరమ్మ. చిన్నవాడికి ఐదు ఇంకా రాలేదు. నడవడు, దూకుతాడు. కింది వాటావాళ్ళు కప్పు వైపు చూస్తారు. వాడు ఉరుము.

మే 5

టీవీ ఆపేశాను. ఏ రూల్ ప్రకారం ఆపావని లాయరమ్మ అడిగింది. నానమ్మ రూల్ ప్రకారం అన్నాను. ఆ రూల్ ఎక్కడ రాసుందని అడిగింది. నా మొహం మీద రాసుంది, చదువుకోమన్నాను. కాసేపు చూసింది. నిజంగానే చదివినట్టుంది, ఊరుకుంది.

బోర్ కొడుతోందన్నారు ఇద్దరూ. బోర్ కొట్టనీ. ఇవాళ కాకపోతే రేపు దానంతటదే ఏదో ఒక ఆటవుతుంది.

మే 6

అయింది. ఒక బకెట్ నీళ్ళు, గోడలకు రంగులేసే పాత బ్రష్షులు రెండు ఇచ్చి, మేడ మీద గోడకు పెయింట్ వేయమన్నాను. నీళ్ళు పూసిన చోట గోడ నల్లబడుతుంది. ఎండకి ఆ నలుపు ఇట్టే మాయమవుతుంది. ఉరుము మళ్ళీ పూస్తాడు, మళ్ళీ పోతుంది. వాడికి విసుగన్నది లేదు. ఇంత పని దొరికినందుకు వాడు నాకు దణ్ణం పెట్టాలి.

ఆయన జన్మంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. గోడ మీద లాయరమ్మ నీళ్ళతో మాటలు రాస్తే అవి ఆరిపోయేలోపు తప్పు పట్టుకోవాలి. అదీ పోటీ. ‘ఐశ్వర్యం’ అని రాసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకునేసరికి అది ఆరిపోయింది. తప్పుందన్నారు ఆయన. చూపించు తాతయ్యా అంది అది. ఖాళీ గోడ చూపించారు. నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాను. ఈ ఇంట్లో నేను అలా నవ్వి చాలా కాలమైంది.

మే 9

తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టాం. మొలక వచ్చిందా అని ఉరుము మాటిమాటికీ తీసి చూస్తున్నాడు. వాటికీ ప్రైవసీ కావాలని లాయరమ్మ వాదించింది. తీర్పు దానికే అనుకూలంగా ఇచ్చాను.

మే 12, సోమవారం

కొడుకు ఫోన్ చేశాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు. పిల్లలు అక్కడే ఉన్నారటగా అన్నాడు. మా ఆడపడుచు కబురు మోసిందన్నమాట.

వచ్చే వారం వాడూ ఆవిడా ఆవిడ తరఫువాళ్ళూ ఏదో రిసార్టుకు వెళ్తున్నారట. పిల్లల్ని కూడా తీసుకెళ్తాడట, వారం రోజులు. అందరికీ పరిచయం చేయాలట. వాళ్ళమ్మను అడిగావా అన్నాను. ఆమెను అడిగేదేంటమ్మా, నా పిల్లలు, అన్నాడు.

“నీ పిల్లలని నీకు ఇప్పుడెవరు గుర్తుచేశారురా?”

కోపమొచ్చింది వాడికి. నువ్వు ఎవరి తల్లివి అని అడిగాడు. నీ తల్లినే, కాబట్టే ఇంకా లైన్‌లో ఉన్నానని చెప్పాను. చూడాలనుంటే రా, నేల మీద కూర్చో, ఫోన్ గుమ్మంలో పెట్టు, సాయంత్రం దాకా వాళ్ళతో ఆడు, అడ్డు చెప్పను. గడప మాత్రం దాటదు. అని లైన్ కట్ చేశాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. కలపడం ఎంత తెలుసో కట్ చేయడం కూడా అంతే తెలుసు.

ఆయన పేపర్ వెనకనుంచి, కన్నతండ్రి కదా, అన్నారు. కన్నాడు, నిజమే. తర్వాతి పని ఎవరు చేస్తున్నారో పేపర్ దించి చూడమన్నాను.

మే 14

రెండు డబ్బాలు, మధ్యన దారం. గదికీ గదికీ ఫోన్. ఎక్స్ఛేంజ్ నేనే. ఉరుము తన డబ్బాలో మాట్లాడకుండా తలూపుతున్నాడు. అవతలివాళ్ళకు కనబడదురా అంటే, మీరు ఇటొచ్చి చూడండి అన్నాడు.

మే 17, శనివారం

ఆడపడుచు వచ్చింది, రాయబారానికి. ఆయనకు అక్క, అందుకని నాకూ పెద్దరికం చేస్తుంది. మేం అప్పుడే సబ్బు నీళ్ళు కలుపుకుని మేడ మీద బుడగలు ఊదుతున్నాం. కిందికి రమ్మంది. రాను వదినా, నీళ్ళు చల్లబడితే బుడగ నిలవదు, నువ్వే పైకి రా, అన్నాను. నీళ్ళు చల్లబడడానికీ బుడగకూ ఏ సంబంధమూ లేదు. కిందికి దిగాలనిపించలేదు, అంతే.

ఆయాసపడుతూ ఎక్కింది. స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టింది. రక్తం పంచుకు పుట్టిన కొడుకును కాదని పరాయి పిల్లను నెత్తికెత్తుకుంటున్నావట. రేపు నీకు మంచం మీద నీళ్ళు ఎవరిస్తారు అని అడిగింది.

“నర్సు ఇస్తుంది వదినా. అది వాళ్ళ ఉద్యోగమే.”

ఆ మాటకు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఉరుము ఊదిన బుడగ వెళ్ళి ఆమె ముక్కు మీద పగిలింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పక్కనే ఉన్న తమ్ముడి మీద విరుచుకుపడింది. నీ పెళ్ళాం నిన్ను కూడా బుడగలా ఊదేస్తోందిరా, నోరు విప్పవా, అంది. ఆయన విప్పలేదు. విప్పకపోవడం నా పక్షానో వాళ్ళ పక్షానో నాకు అర్థం కాలేదు. ఎన్నేళ్ళ కాపురమో చూడు, ఇంకా అర్థం కావడం లేదు.

వెళ్తూ వెళ్తూ పెద్దావిడ ఒక బుడగ తానూ ఊదింది. ఎవరూ చూడలేదనుకుంది.

మే 18

ఆయన ఇవాళ నాతో మాట్లాడలేదు. పిల్లలతో మాట్లాడారు. నాతో చెప్పాల్సినవి కూడా వాళ్ళ ద్వారానే చెప్పారు. ఎక్స్ఛేంజ్ బాగానే నడుస్తోంది.

మే 22, గురువారం, మధ్యాహ్నం 3

పొద్దుననగా వెళ్ళి, క్యూలో కూర్చుని, దవడ పన్ను పీకించుకుని ఇప్పుడే వచ్చాను. సగం మూతి మొద్దుబారింది. నోట్లో దూది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కింది వాటావాళ్ళు కప్పు వైపు చూడనక్కర్లేనంత నిశ్శబ్దం. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతిలో పేపర్ కూడా లేదు.

వాడొచ్చాడట. ఐస్‌క్రీమ్ తినిపించి గంటలో తెస్తానన్నాడట. ఎప్పుడు వెళ్ళారని సైగ చేశాను. పొద్దున, నువ్వు అటు వెళ్ళగానే, అన్నారు. గంట ఎప్పుడో దాటిపోయింది. ఆయన ఫోన్‌లో వాడి మెసేజ్ ఉంది. పిల్లలు వారం రోజులు నా దగ్గరే ఉంటారు, కంగారుపడొద్దు నాన్నా, అని.

సాయంత్రం 4

కోడలికి చెప్పొద్దన్నారు ఆయన. డ్యూటీలో ఉంటుంది, భయపడుతుంది, వాడికి నేను నచ్చజెప్పి తెప్పిస్తాను, చీకటి పడేలోపు వచ్చేస్తారు, ఆమెకు తెలియనే తెలియదు, అన్నారు. ఎంత నెమ్మదిగా చెప్పారో. కడుపులో చల్ల కదలకుండా బతకాలనుకునేవాళ్ళు అలాగే చెప్తారు.

ఫోన్ తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకున్నాను. జీవితంలో మొదటిసారి కాదు గానీ, ఇంత గట్టిగా మొదటిసారి.

నమస్కారం ఎక్స్ఛేంజ్ అని నేనంటే అవతలివాళ్ళు గొంతు మెచ్చుకునేవారు. ఇవాళ అదే గొంతుతో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. పిల్లల్ని వాడు తీసుకెళ్ళిపోయాడమ్మా అంటే నా నోట్లోంచి మాట రాలేదు, ముద్ద వచ్చింది. ఏంటత్తయ్యా, ఒంట్లో బాలేదా అని తను నా గురించి కంగారుపడుతోంది. దూది ఉమ్మేశాను. రక్తం కారుతూనే ఉంది. ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పాను. వస్తున్నాను, అంది.

సాయంత్రం 6.30

కోడలు యూనిఫాంలోనే వచ్చింది. వాడి ఫోన్ స్విచ్ ఆఫ్. స్టేషన్‌కు వెళ్దామని నేనే అన్నాను. నా కొడుకు మీద నేనే కంప్లైంట్ రాయిస్తానన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకుని, నేనూ వస్తానన్నారు.

మేం మెట్లు దిగుతుంటే కారు ఆగింది.

ముందు లాయరమ్మ దిగింది. ఉరుమును చెయ్యి పట్టుకుని దించింది. వాడి చొక్కా నిండా వాంతి. నా కొడుకు చొక్కా మీద కూడా. ఇంత మనిషి, పాల దుకాణం దగ్గర తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

వాడు చెప్పలేదు గానీ లాయరమ్మ చెప్పింది. రిసార్టు దగ్గర కారాగితే తను దిగనంది. అమ్మకు చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాడు. అయితే ఇప్పుడు ఫోన్ చెయ్యి, నేను వింటానంది. ఛార్జింగ్ లేదన్నాడు. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటానంది. కారు తాళాలు వాడి చేతిలో ఉన్నాయి, సీటు బెల్టు దాని చేతిలో ఉంది. రెండు చేతులా పట్టుకుని కూర్చుందట. ఇంతలో ఉరుము తిన్న ఐస్‌క్రీమంతా సీటు మీద కక్కాడు. ఆవిడ ముక్కు మూసుకుని, ముందు వీళ్ళను దింపేసి రమ్మందట.

ఆవిడకు నేను రుణపడ్డాను. చచ్చినా చెప్పను.

కొడుకు, అమ్మా, అది కాదు, అని మొదలుపెట్టాడు. పైకెళ్ళి ముందు పిల్లాడి చొక్కా ఉతకమన్నాను. సగం మూతితో అన్నా ఈ మాట వాడికి మొదటిసారికే అర్థమైంది. కుళాయి దగ్గర నిలబడి ఉతికాడు. సబ్బు ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అది వాడు పెరిగిన ఇల్లు.

కోడలు పిల్లల బట్టలు సర్దింది. వెళ్తూ నాతో అంది.

“మిమ్మల్ని ఏమీ అననత్తయ్యా. మీరు దాచలేదు. కానీ ఇక పంపను.”

బతిమాలలేదు నేను. ఆ అమ్మాయి చేసింది సబబే.

మే 24

చిక్కుడు మొలకలు వచ్చాయి. చూసేవాళ్ళు లేరు.

మే 25

ఆయన అన్నం వడ్డించమన్నారు. గిన్నె ఎక్కడుందో చూపించాను.

మే 26, సోమవారం

పొద్దున్నే లేచి బకెట్, రెండు బ్రష్షులు, నాలుగు జతల బట్టలు, మందులు సర్దుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి ఎక్కడికన్నారు. డ్యూటీకి, అన్నాను. ఎప్పుడొస్తావన్నారు. సెలవులయ్యాక అన్నాను.

బస్సులో బకెట్ పట్టుకుని కూర్చున్న ముసలిదాన్ని చూసి కండక్టర్ కుళాయి దగ్గరికా అమ్మా అని అడిగాడు. కాదు నాయనా, కోడలింటికి, అన్నాను. పండుగకు పుట్టింటికి వెళ్ళే పిల్లలా ఉందట నా మొహం.

కోడలు అద్దెకుంటున్నది ఒక గది, ఒక వంటిల్లు. తాళం వేసుంది. పిల్లల్ని ఏదో సమ్మర్ క్యాంపులో వేసిందని పక్కింటావిడ చెప్పింది. మెట్ల మీద బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పక్కింటావిడ రెండుసార్లు టీ ఇచ్చింది, మూడోసారి కథంతా అడిగింది. టీ తాగాక చెప్పకపోతే బాగోదు. చెప్పాను.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. ఉరుము మెట్ల కింద నుంచే దూకాడు, పిడుగులా నా మీద పడ్డాడు. కోడలు ఆగిపోయింది. మొహంలో అలసట తప్ప ఏమీ లేదు.

“నేను పిల్లల్ని పంపనన్నాను కదా అత్తయ్యా.”

“పిల్లల్ని పంపనన్నావు. నన్ను రావద్దనలేదు.”

లాయరమ్మ వాళ్ళమ్మ వైపు తిరిగి, అది కరెక్టేనమ్మా, అంది. కోడలు తాళం తీసింది. నా బకెట్ తనే లోపల పెట్టింది.

మే 28

క్యాంపు మాన్పించలేదు కోడలు. అరపూటకు తగ్గించింది. అక్కడ పిల్లలందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి అదే బొమ్మకు అదే రంగు వేయిస్తారట. ఆకాశానికి ఉరుము నలుపు వేశాడట. తప్పన్నారట. వాడు మబ్బు పట్టిందని చెప్పలేక ఏడ్చాడట. ఇంటికొచ్చాక ఇంకో కాగితమిచ్చాను. మొత్తం నలుపు వెయ్యమన్నాను. వేశాడు. మధ్యలో పసుపు గీత ఒకటి గీశాడు. నేనే ఇది, అన్నాడు.

మే 30

ఆడపడుచు ఫోన్. కొడుకు వదిలేసిన కోడలింట్లో మూట పెట్టుకుని కూర్చున్నావట, వినేవాళ్ళు ఏమనుకుంటారు అంది. వదిలేసింది వాడు వదినా, నేను కాదు, అన్నాను. మరి నా తమ్ముడికి వండిపెట్టేదెవరంది. నువ్వు వెళ్ళి వండిపెట్టు, రక్తం పంచుకు పుట్టావు కదా, అన్నాను.

లైన్ తనే కట్ చేసింది. ఆ పని ఇంకా నేర్చుకోవాలి, చప్పుడు చేస్తుంది.

జూన్ 1, ఆదివారం

ఆయన వచ్చారు. చొక్కా ఇస్త్రీ లేదు. గడ్డం గీసుకున్న చోట తెగింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం బయటే నిలబడ్డారు. నేను పలకరించలేదు. ఆయన వచ్చింది నా కోసం కాదు.

కోడలు బయటికి వెళ్ళింది. ఆయన ఏదో తయారుచేసుకుని వచ్చినట్టున్నారు, కళ్ళజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నారు. చివరికి, తలూపి మాట తప్పానమ్మా, అన్నారు. వాడు నా కొడుకని పంపలేదు, వాడితో గొడవ పడాల్సి వస్తుందని పంపాను. అది ఇంకా సిగ్గుచేటు, అన్నారు.

ఈ మనిషి ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వంటింట్లోంచి వింటూ నిలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొంగనీ.

నిన్న కొడుకింటికి వెళ్ళారట. పిల్లల్ని చూడాలంటే ముందు వాళ్ళమ్మను అడుగు, అడగనంటే నా గడప కూడా తొక్కకు, అని చెప్పారట. చెప్పి టీ కూడా తాగకుండా వచ్చేశారట.

కోడలు లోపలికొచ్చి, డ్యూటీకి టైమవుతోంది మామయ్యా, వీడికి జుట్టు కత్తిరించాలి, తీసుకెళ్ళి తీసుకొస్తారా, అంది. ఆయన చెప్పులు విడవబోయి మళ్ళీ తొడుక్కున్నారు. తాతా మనవడూ చెయ్యి చెయ్యి పట్టుకుని వెళ్ళారు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా కోడలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. డ్యూటీకి ఆలస్యమైంది. తిరిగొచ్చిన ఇద్దరినీ చూశాకే బ్యాగు తగిలించుకుంది.

ఉరుముకు కత్తిరింపు చాలా ఘోరంగా ఉంది. ఎవరూ అనలేదు.

జూన్ 8, ఆదివారం

కోర్టు ఇచ్చిన ఆదివారం ఒకటి ఎట్టకేలకు వాడబడింది. కొడుకు ముందుగా ఫోన్ చేసి కోడల్ని అడిగాడు. రావచ్చు, ఇక్కడే, అత్తయ్య ఉంటారు, అంది తను.

వచ్చాడు. పెద్ద డబ్బాలో రిమోట్ కారు తెచ్చాడు. అది పది నిమిషాలు తిరిగి గోడకు కొట్టుకుని ఆగిపోయింది. ఆ తర్వాత ఏం చేయాలో వాడికి తోచలేదు. నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. అందరికీ నేనే చెప్పాలా? లాయరమ్మ జాలిపడి, నాన్నా, నువ్వు గుర్రం, అంది. వాడు కొత్త ప్యాంటు వైపు ఒకసారి చూసుకుని నాలుగు కాళ్ళ మీద వంగాడు. ఉరుము వీపెక్కి ఉరిమాడు. ఫోన్ రెండుసార్లు మోగింది. మొదటిసారి ఎత్తాడు. రెండోసారి ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు నడుం పట్టుకుని, మళ్ళీ ఆదివారం వస్తానమ్మా అన్నాడు. ఆ మాట నాతో కాదు, లోపల తనతో చెప్పు, అన్నాను. చెప్పాడు. వస్తాడో రాడో. రాకపోయినా పిల్లలు ఎదురుచూస్తూ కిటికీ దగ్గర నిలబడకుండా నేను చూసుకుంటాను. ఆ ఒక్కటీ నా చేతిలో ఉంది.

జూన్ 12

బడి తెరిచారు. లాయరమ్మ గేటు దగ్గర వెనక్కి తిరిగి, వచ్చే సెలవులకు మీ ఇంటికా మా ఇంటికా అని అడిగింది. కోడలు నేను చెప్పేలోపే, నానమ్మ ఇంటికే, అంది.

బకెట్ అక్కడే వదిలేసి వచ్చాను.

జూన్ 13

ఇల్లు ఊడ్చాను. తోచలేదు. మధ్యాహ్నం ఆయన పేపర్ మడిచి, దాగుడుమూతలు ఆడదామా అన్నారు. ఈ వయసులోనా అన్నాను. కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టాను.

ఇందాకటి నుంచీ బీరువా వెనక దగ్గు వినబడుతోంది. ఇంకాసేపు ఉండనీ.